నవ్విన బంగాళాదుంప

ఆ ఇంట్లో కంటికి ఆవిడ, పంటికి ఆయన. ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగిస్తుంది, ఆయన ల్యాబులో కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. ఊళ్ళో జనమంతా పన్ను కడితే ప్రభుత్వం బాగుపడుతుందేమో గానీ, ఈయన పన్ను కడితే మటుకు ఒక నోరు బాగుపడుతుంది. అలా ఎన్నో నోళ్ళు బాగుచేశాడు. బాగుపడని నోరు ఒకటే మిగిలింది, అది సొంత మామగారిది. పైగా ఒకే ఇంట్లో, వంటగది పక్క గదిలో ఉంది.

మామగారు చాలాకాలం మాంసం కొట్టు నడిపి మానుకున్న మనిషి. బతుకంతా కోతలే కోసినా ఏనాడూ ఒక్క కోత కోయలేదు. మాట తక్కువ, చేతిపని ఎక్కువ. పళ్ళన్నీ ఊడిపోయినప్పుడు, అల్లుడి చేత నోట్లో వేళ్ళు పెట్టించుకోవడమేమిటని మొహమాటపడి, బయటెక్కడో ఒక సెట్టు చేయించుకున్నాడు. అది నోటికంటే కాస్త పెద్దది. పాత కొట్లవాళ్ళంతా కలిసి భోంచేసిన ఓ మధ్యాహ్నం ఎవరో జోకు వేస్తే ఈయన గట్టిగా నవ్వాడు. ఈయనకంటే గట్టిగా నవ్విన పై సెట్టు ఎగిరి ఎదుటివాడి సూపులో దూకింది. అందరూ పొట్టలు పట్టుకున్నారు. ఆయన కూడా నవ్వేసి ఊరుకునేవాడే, కానీ నవ్వడానికి పళ్ళేవీ? సూపులో ఉన్నాయి.

అప్పట్నుంచీ ఆయన భోజనం గదిలోనే. తలుపు వేసుకుని సూపో జావో తాగి, గిన్నె కడిగి తెచ్చి బోర్లించి పోతాడు. మాట్లాడాల్సి వస్తే అరచెయ్యి నోటికి అడ్డం. భోజనాల బల్ల దగ్గర ఆయన కుర్చీలో ఇప్పుడు ఉతికిన బట్టలు కూర్చుంటున్నాయి.

అల్లుడికి ఇది పంటికింద రాయిలా ఉండేది. వెంటపడి వెంటపడి, బతిమాలి బామాలి, మొత్తానికి ఆయన నోటి అచ్చు తీసి కొత్త సెట్టు చేశాడు. డాక్టరు సరిచూసి బాగుందన్నాడు. అప్పుడు ముసలాయన, అరచేతి చాటునుంచి, షరతు పెట్టాడు.

"స్టేక్ వండు, పెనం మీద కాల్చిన మాంసం ముక్క. మందంగా. ముక్క నేనే ఏరి తెస్తా. నీ పళ్ళతో దాన్ని నమిలానా, రేపట్నుంచి మీతోపాటే తింటా. నమల్లేకపోయానా, నా గది నాది, నా గిన్నె నాది. మళ్ళీ ఈ ఇంట్లో పళ్ళ మాట ఎత్తకూడదు."

"అరటిపళ్ళ మాట కూడానా తాతా?" అంది మనవరాలు. కాలేజీలో చేరిన పిల్ల. నోట్లో పళ్ళన్నీ ఉన్నాయి, నాలుక మీద అదుపు మాత్రం లేదు.

"అదీనూ," అని తలుపు వేసుకున్నాడు.

అల్లుడికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక్క ముక్క మీద ఆధారపడి ఉన్నాయి మామగారి మిగతా భోజనాలన్నీ. ఆ ముక్క గురించి ఇంకొకరితో ఒక్క ముక్క చెప్పుకునే వీల్లేదు, ఎందుకంటే కట్టుకున్నావిడ అప్పుడే "మీరు గాభరా పడకండి, మీ గాభరా చూస్తే నాకు గాభరా" అని అటు తిరిగి పడుకుంది.

మర్నాడు సాయంత్రం వంటగది వంటగదిలా లేదు, ల్యాబులా ఉంది. అసలు ఎప్పుడూ సగం అంతే. ల్యాబుకని కట్టలకొద్దీ కొన్న తెల్ల ప్లాస్టిక్ గిన్నెలు సగం అక్కడుంటే సగం ఇక్కడుంటాయి. వాటిలోనే పప్పు నానుతుంది, వాటిలోనే పిండి కలుస్తుంది. ఇవాళ వాటిలో ఒకదాంట్లో మామగారి పళ్ళు నీళ్ళలో ఉన్నాయి. నిన్న పెట్టుకుని చూసినప్పుడు ఒక అంచు గీసుకుంటోందని ముసలాయన అన్నాడు. అల్లుడు దాన్ని నున్నగా అరగదీసి, ఆరిపోతే ముడుచుకుంటాయని నీళ్ళలో వేసి, పదిమంది కళ్ళబడితే మామగారు నొచ్చుకుంటాడని పైన తడిగుడ్డ కప్పాడు.

పక్కనే అలాంటి గిన్నెలోనే బంగాళాదుంప ముక్కలు నానుతున్నాయి. ఫ్రైస్ కరకరలాడాలంటే పిండి దిగిపోయేదాకా చన్నీళ్ళలో ఉంచి, ఉప్పు వేసిన మరిగే నీళ్ళలో ఒక ఉడుకు పట్టించి, ఆరబెట్టి, ఆ తర్వాత నూనెలో వేయాలి. ముక్కలు కోసింది మనవరాలు. కోయించింది తండ్రి, చేతిలో కొలత పరికరం పట్టుకుని.

"ఇది పొడుగైంది చూడు. అన్నీ ఒకే తీరుగా ఉండాలి, ముందు పళ్ళలాగా."

"నాన్నా, ఇవి నోట్లోకి వెళ్ళిపోతాయి. నోట్లో ఉండిపోవు."

"అయినా సరే, వరస వరసే."

"నాన్నతో వేగేకంటే నూనెలో వేగడం నయం," అని ముక్కలకి చెప్పి, నల్లబడకుండా వాటి మీదా తడిగుడ్డ కప్పింది. అలా కప్పడం ఆ పిల్ల తండ్రి దగ్గరే నేర్చుకుంది.

అప్పుడే దుకాణం నుంచి వచ్చిన ఇల్లాలు చెప్పులిప్పి, చీర కుచ్చిళ్ళు దోపుకుని ఉల్లిపాయల మీద పడింది. ఉల్లిపాయతో వచ్చిన చిక్కే అది, తరిగేది అదైనా పెరిగేది మన కన్నీరు. అందుకని ఆవిడ మొగుడి ల్యాబు కళ్ళద్దాలు తగిలించుకుంది, సానబట్టేటప్పుడు దుమ్ము పడకుండా చెంపలదాకా మూసే పెద్ద రకం. పగలంతా ఊరందరికీ చూపు సరిచేసి వచ్చిన మనిషి, సాయంత్రం చూపు మూసుకుని కూర్చుంది. పొయ్యి మీద దుంపలకని పెట్టిన నీళ్ళు తెర్లుతున్నాయి. ఆవిరి వచ్చి ఆ అద్దాల మీద చక్కగా స్థిరపడింది.

అల్లుడు మాత్రం దేన్నీ చూసే స్థితిలో లేడు. ముక్క ముందే ఉప్పు పట్టి, చల్లదనం పోయి, చెక్క మీద సిద్ధంగా ఉంది. పొద్దున ముసలాయన స్వయంగా వెళ్ళి తెచ్చాడు. నడుం దగ్గరి మాంసం, అరచెయ్యంత మందం, అంచున తెల్లటి కొవ్వు. పెనం పొగలొచ్చేదాకా కాల్చమన్నాడు. అల్లుడు పెనం వంక, పెనం అల్లుడి వంక చూసుకుంటున్నారు.

"అమ్మా, నీళ్ళు మరుగుతుంటే దుంపలు వేసెయ్!" మనవరాలు హాల్లోంచి అరిచింది. తాత కుర్చీలో బట్టల్ని ఖాళీ చేయిస్తోంది.

ఇల్లాలు చేత్తో తడిమింది. ఒక గిన్నె తగిలింది, తడిగుడ్డ తీసి కుమ్మరించింది. పక్కనే ఇంకో గిన్నె తగిలింది. ఈ పిల్ల రెండు గిన్నెల నిండా కోసిందా, ఊరందరికీ పెడుతుందా ఏం అనుకుంటూ అదీ కుమ్మరించింది.

సరిగ్గా అప్పుడే అల్లుడు ముక్కని పెనం మీద వేశాడు. ఛుయ్‌మని ఇల్లంతా మోగింది.

మనవరాలు చిల్లుల గరిటె పట్టుకుని వచ్చింది. గిన్నెలో తిప్పింది, ఆగింది, ఒక్కటి పైకెత్తింది.

"అమ్మా, ఈ దుంప నవ్వుతోంది."

"దుంపలు నవ్వడమేంటే, నీ దుంప తెగ!"

"నిజంగానే. ఇదిగో, చిగుళ్ళతో సహా."

అల్లుడు వెనక్కి తిరిగాడు. గరిటెలోంచి మామగారి కింది వరస, పైన ఒక బంగాళాదుంప ముక్కతో, ఎంతో ప్రసన్నంగా ఆయన వంక చూస్తోంది.

ఆ తర్వాత కాసేపు ఆ వంటగదిలో ఎవరేం అన్నారో చెప్పడం కష్టం. ముగ్గురూ ఒకేసారి అన్నారు. పొయ్యి ఆపడం, రెండు వరసలూ ఏరడం, చన్నీళ్ళ కింద పెట్టడం, బల్ల మీద తువ్వాలు పరిచి వాటిని పడుకోబెట్టడం అన్నీ జరిగాయి. అల్లుడు పై వరసని కింది వరస మీద ఆనించి చూశాడు. ఎడమవైపు తగిలితే కుడివైపు తగల్లేదు. కుడివైపు నొక్కితే ఎడమవైపు లేచింది. పైవాళ్ళకీ కిందివాళ్ళకీ పొత్తు చెడింది.

"వంకరపోయాయి," అన్నాడు నీరసంగా.

ఇల్లాలు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసింది. ఉల్లిపాయ తరిగినప్పుడు రాని నీళ్ళు ఇప్పుడొచ్చాయి. "పోనీ, మళ్ళీ వేడిచేసి వంచితే? ఫ్రేము వంకరైతే మా దుకాణంలో అలాగే చేస్తాం."

"కళ్ళజోడు కాదే ఇది. చెవి దగ్గర ఒత్తితే తీసి జేబులో పెట్టుకుంటారు. చిగురుకి ఒత్తిందంటే పుండు పడుతుంది. ఇవి పెట్టుకుని ఆ ముక్క నమలడం మాట అలా ఉంచు, నీళ్ళు కూడా నమలలేడు."

"నీళ్ళు ఎవరూ నమలరు నాన్నా," అంది మనవరాలు, ఈసారి మెల్లగా.

"ఎవరు చెప్తారు ఆయనకి?"

ముగ్గురూ మూసి ఉన్న తలుపు వంక చూశారు. ముసలాయన లోపల చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని, ఎప్పుడు పిలుస్తారా అని మంచం అంచున కూర్చుని ఉంటాడు. ముగ్గురికీ తెలుసు. ఇవాళ తేలకపోతే ఆ తలుపు ఇక అలాగే ఉండిపోతుంది. ఆయన మళ్ళీ నోరు తెరవడు. తినడానికీ, మాట్లాడడానికీ.

ఇంత జరుగుతుంటే పెనం సంగతి ఎవరికీ పట్టలేదు. ఛుయ్ తగ్గి చిటపట మొదలైంది. చిటపట కాస్తా పొడిగా, కరుగ్గా మారింది.

గదిలోంచి కేక. "తిప్పండి!"

ఎవరూ కదల్లేదు.

"తిప్పండెహె! చెవులు పనిచెయ్యవా? ఆ చప్పుడేంటి? మాడుతోందక్కడ!"

తలుపు దభాల్న తెరుచుకుంది. ఇస్త్రీ చొక్కాతో ముసలాయన వచ్చేశాడు. అల్లుణ్ణి భుజంతో పక్కకి నెట్టి, ఒక చేత్తో పెనం కాడ, ఇంకో చేత్తో పట్టకారు అందుకుని ముక్కని తిరగేశాడు. ఆ వైపు బాగా ఎరుపెక్కి, ఒక మూల మాత్రం నల్లబడింది.

"ఇంకో రెండు ఊపిర్లు ఆగితే బొగ్గు! వెన్న ఏదీ? ఇటివ్వు. ఏయ్ పిల్లా, ఉల్లిపాయలేవి? ఇలా సన్నగా తరిగి గుట్ట పోసి చూస్తూ కూర్చుంటారా ఎవరన్నా? ఇటు తోయి. పక్కకి, ముక్క మీద కాదు! అల్లుడూ, అలా స్తంభంలా నిలబడకు, పళ్ళెం వెచ్చబెట్టు."

వాళ్ళు ముగ్గురూ చెప్పింది చెప్పినట్టు చేశారు. చేస్తూ దొంగచూపులు చూశారు. ఆయన రెండు చేతులూ పనిలో ఉన్నాయి. నోటికి అడ్డం పెట్టడానికి మూడో చెయ్యి లేదు. లోపలికి పోయిన పెదవులు, గులాబీ రంగు చిగుళ్ళు, పొగలో తిట్లు, అన్నీ బాహాటంగా కనిపిస్తున్నాయి. మాట అక్కడక్కడా జారింది గానీ, తిట్టు ఒక్కటీ గురి తప్పలేదు.

ముక్కని పళ్ళెంలోకి దించి, కింద రసం ఉన్న పెనంలోనే ఉల్లిపాయల్ని కలియబెట్టాడు. వెన్నలో మెత్తబడి, తేనెరంగుకి తిరుగుతూ అవి ఇంటి వాసనే మార్చేశాయి. అల్లుడి చెయ్యి అలవాటుగా కత్తి మీదికి పోయింది.

"ముట్టుకోవద్దు! కూర్చోనివ్వు."

"ఎవర్ని మామయ్యా?"

"ముక్కని. వేడిమీద కోశావంటే రసమంతా పళ్ళెంపాలు. కాసేపు కూర్చుంటే లోపలికి పోతుంది. దగ్గరికెవరూ రాకండి."

కాపలా కాయడానికి ఆయనే పళ్ళెం తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి, దాని ముందున్న కుర్చీలో కూర్చున్నాడు. ఏ కుర్చీలో కూర్చున్నాడో గమనించలేదు. మిగతా ముగ్గురూ గమనించారు.

మనవరాలు దుంప ముక్కల్ని గుడ్డ మీద అద్ది బాణలిలో వదిలింది. బుడగలు లేచాయి.

"ఇంకా వేగలేదా?" అన్నాడు తాత.

"వేగుతున్నా తాతా. మీ అల్లుడితోనూ, కూతురితోనూ."

ముసలాయన నోరంతా తెరిచి నవ్వబోయాడు. అప్పుడు గుర్తొచ్చింది. వెన్న అంటిన చెయ్యి గబుక్కున మూతిదాకా లేచింది. "అవునూ, నా పళ్ళేవి?"

 అల్లుడు నోరు తెరిచేలోపే ఇల్లాలు ముందుకొచ్చింది. "నేనే నాన్నా. ఈ పాడు కళ్ళద్దాలకి ఆవిరి పట్టి, దుంపలనుకుని మరిగే నీళ్ళలో పోసేశాను. పాపం, ఈయన ఎంత బాగా చేశారో నీకు తెలుసు. ఆయన తప్పేం లేదు."

"నాదే," అన్నాడు అల్లుడు. "వంటగదిలో పెట్టడం నాదే తప్పు."

తువ్వాలు మడతలో పెట్టి తెచ్చి ముందుంచాడు. ముసలాయన కింది వరసని ఎత్తి, దీపం కేసి పట్టి, కొట్లో ఎముకని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. కింద పెట్టాడు.

"నీళ్ళలో ఉప్పు వేశారా?"

"ఆఁ? వేశాం నాన్నా."

"నయం. చప్పగా ఉండవు."

ఎవరికీ నవ్వాలో మానాలో తెలియలేదు. పళ్ళు ఉడికినా ఆయన ఉడుక్కోలేదు, అంతమటుకు అర్థమైంది. కానీ ఆయన లేచి, పళ్ళెం అక్కడే వదిలి, గదిలోకి వెళ్ళిపోయాడు.

అల్లుడు కుర్చీలో కూలబడ్డాడు. "అయిపోయింది. షరతు షరతే. ఇక సూపు పెట్టు."

ఇల్లాలు కదల్లేదు. మనవరాలు ఫ్రైస్ తీసి కాగితం మీద వేస్తూ, చెవి మాత్రం గది వైపు వేసింది. లోపల సొరుగు లాగిన చప్పుడు. ఏదో వెతికిన చప్పుడు. మళ్ళీ సొరుగు.

ముసలాయన తిరిగొచ్చాడు. చేతిలో సన్నగా, పొడుగ్గా, అరిగి అరిగి వేలంత వెడల్పు మిగిలిన కత్తి. కొట్టు మానేసినప్పుడు అన్నీ ఇచ్చేసి, అదొక్కటి ఉంచుకున్నాడు.

"మీ ఇంటి కత్తులతో వెన్న కూడా తెగదు," అని కూర్చున్నాడు. ముక్క మీద వేలితో ఒకసారి నిమిరి పోగులు ఎటు నడుస్తున్నాయో చూసుకున్నాడు. వాటికి అడ్డంగా కత్తి ఆనించి, నొక్కకుండా లాగాడు. ముక్క లోపల గులాబీ రంగుగా విచ్చుకుంది. ఒక పొర, ఇంకో పొర, ఒకదాని మీద ఒకటి వాలాయి. అవతలి దీపం కనిపించేంత పలుచగా కోశాడు. పలుచగా కోశాడే గానీ, తాను మటుకు ఎవరి ముందూ పలుచన కాలేదు.

"చూస్తారేం? కూర్చోండి. పెట్టుకోండి."

కూర్చున్నారు. వాళ్ళ ముక్కలు మందంగా కోసి వాళ్ళకేశాడు. తన పొర మీద ఉల్లిపాయలు కొద్దిగా పరిచి, చుట్టి, నోట్లో పెట్టుకుని, నాలుకతో అంగిటికి నొక్కాడు. కళ్ళు మూసుకున్నాడు. చెంపలు లోపలికి పోయాయి, బయటికొచ్చాయి. చాలాసేపు పట్టింది. ఆయనకి ఇబ్బంది కలగకూడదని ముగ్గురూ తల వంచుకుని తమ పళ్ళేల్లోకే చూస్తున్నారు.

"ఏంటి, అందరూ పళ్ళేల్లో వెతుకుతున్నారు? నా పళ్ళు అక్కడ లేవు."

ముందుగా పేలింది మనవరాలు. ఆ తర్వాత ఇల్లాలు. అల్లుడు ఆపుకుందామని చూసి, పొలమారి, నీళ్ళు తాగి, మళ్ళీ పొలమారాడు. ముసలాయన కూడా నవ్వాడు, తలుపు చాటు లేకుండా, చెయ్యి చాటు లేకుండా. ఈసారి ఎగిరి దూకడానికి నోట్లో ఏమీ లేదు, అదీ ఒక సుఖమే. చిగుళ్ళు ఉన్నచోట ఆశ చిగురించకేం చేస్తుంది?

"ఉప్పు సరిపోయింది," అన్నాడు నవ్వు సర్దుకుని. "ఒక మూల మాడింది. అది అల్లుడికెయ్యండి."

"తాతా, నమిలితేనే కదా మాతో తింటానన్నావు?" మనవరాలు ఊరుకోలేదు. తల్లి బల్లకింద కాలితో తన్నింది. తన్ను అల్లుడికి తగిలింది.

ముసలాయన ఆలోచించాడు. మాట మీద నిలబడితే లేచి పోవాలి, ఉండిపోవాలంటే ఏదో ఒక జవాబు చెప్పాలి. ఇంకో పొర చుట్టుకున్నాడు.

"షరతు పళ్ళతో. అవి ఓడిపోయాయి, పాపం, ఉడికి. నేనెక్కడ ఓడాను?"

అల్లుడి మొహం వెలిగింది. "రేపు పొద్దున్నే కొత్తగా అచ్చు తీస్తాను మామయ్యా. రాత్రింబగళ్ళు కూర్చునైనా సరే, తొందరగా..."

"తొందరేం లేదు."

"అది కాదు, మీకు కష్టం కదా..."

"తొందరేం లేదన్నానా? నింపాదిగా చెయ్యి. ఈలోగా మెత్తగా ఏదో ఒకటి వండుతారుగా మీరు. పిల్లా, ఆ ఫ్రైస్‌లో కరకరలాడేవి నువ్వు తిను, ఈ రసంలో నానినవి నాకు తొయ్యి. ఉల్లిపాయలు కూడా. మీ నాన్నకెందుకు అన్ని?"

ఆ పిల్ల తోసింది. తోస్తూ అడిగింది, "ఇదసలు ఎక్కడి ముక్క తాతా? అన్నీ ఒకలాగే ఉంటాయి నాకు."

"ఒకలాగే ఉంటాయా!" ముసలాయన కత్తి కింద పెట్టాడు. మనవరాలు అడిగింది మాంసం గురించి. ఇంత పెద్ద అజ్ఞానాన్ని భోజనం మధ్యలో అలా వదిలెయ్యడం ఆయనవల్ల కాలేదు. నీళ్ళ గ్లాసు పక్కకి జరిపి, బల్ల మీద వేలితో వీపు గీశాడు, కింద పొట్ట గీశాడు, రెండు చేతులూ చాచి నడుం ఎక్కడ మొదలవుతుందో, ఏ కండ ఎక్కువ పనిచేసి గట్టిపడుతుందో, ఏది సోమరిగా పడుకుని మెత్తగా ఉంటుందో చెప్పడం మొదలుపెట్టాడు. అల్లుడు చెంచా పట్టుకుని వంగి వింటున్నాడు. ఇల్లాలు అందరి పళ్ళేల్లోనూ ఇంకాస్త ఉల్లిపాయ వేసింది. ఫ్రైస్ చల్లారిపోయాయి, ఎవరూ పట్టించుకోలేదు. ఆయన పాఠం ఇంకా భుజం దగ్గరే ఉంది.